లవంలో ఉప్పు, హారంలో నీళ్ళు

మా అమ్మాయికి రెండేళ్ళప్పుడు ఒక రాత్రి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. డాక్టరుగారు ఫోన్లో, ముందు ఓ.ఆర్.ఎస్. మొదలుపెట్టండి, పొద్దున్నే తీసుకురండి అన్నారు. నేను పాకెట్ కత్తిరించి, స్టీలు గ్లాసులో నీళ్ళు పట్టి, మొత్తం పొడి అందులో వంపబోతున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఒరేయ్, అదంతా ఒక్క గ్లాసులోనేనా? లీటరుకని రాసుంది చూడు" అంది.

నిజంగానే రాసుంది. నేను చదవలేదు, అంతే.

పిల్ల రెండ్రోజుల్లో కోలుకుంది గానీ ఆ గ్లాసు నన్ను వదల్లేదు. ఒక ఆదివారం కూర్చుని లెక్క వేశాను. పాకెట్లో ఉండేది 20.5 గ్రాములు: ఉప్పు 2.6, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9. లీటరు నీళ్ళలో కలిపితే సోడియం 75 మిల్లీమోల్స్, గ్లూకోజు 75 మిల్లీమోల్స్. అన్ని కణాలూ కలిపి లెక్కేస్తే 245. మన రక్తంలో ఆ అంకె దాదాపు 290. అంటే రక్తం కంటే ఈ నీళ్ళు కాస్త పలచన. కాబట్టి ద్రవాభిసరణం నీటిని పేగులోంచి ఒంట్లోకి తోస్తుంది. అదే పొడిని పావు లీటరు గ్లాసులో కలిపితే ప్రతి అంకే నాలుగింతలు: సోడియం 300, మొత్తం 980. సముద్రపు నీళ్ళ లెక్క వెయ్యి చిల్లర. నేను ఆ రాత్రి నా కూతురికి ఇంచుమించు సముద్రం తాగించబోయానన్నమాట. విరేచనాలతో ఎండిపోయిన పిల్లకి అలాంటి ద్రావణం పడితే ఒంట్లో ఉన్న నీరు కూడా పేగులోకి లాక్కుంటుంది, రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ దాకా వెళ్తుంది.

గాఢత అంటే ఇంటర్ మొదటి సంవత్సరంలో అందరం చేసిన భాగహారమే. లవంలో పదార్థం, హారంలో ద్రావణం. ఒకే నీళ్ళలో రెండు ద్రావితాలు వేస్తే రెండు లవాలు, ఒకటే హారం. ఒక్కో ద్రావితం గాఢతనీ రెండోది లేనట్టే విడిగా లెక్కకట్టుకోవచ్చు. ఎంసెట్‌కి ఇంతకంటే అక్కర్లేదు. ఆ రెండు గాఢతలూ కలిసి ఏం చేస్తాయన్నది పుస్తకంలో ఆ పేజీలో ఉండదు. ఈ పొడి ఎక్కడ పుట్టిందా అని చదువుతూ పోతే, చరిత్ర మొత్తం ఆ లేని పేజీ చుట్టూనే తిరిగిందని తెలిసింది.

1953లో కలకత్తా డాక్టర్ హేమేంద్రనాథ్ చటర్జీ 'లాన్సెట్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. కలరా వచ్చిన 186 మందికి నోటిద్వారా ఒక ద్రావణం పట్టించాననీ, వాంతులు ఆగడానికి అవోమిన్ ఇచ్చాననీ, విరేచనాలకి వాము ఆకు రసం వాడాననీ. ఆ ద్రావణం ఇది: లీటరు నీళ్ళు, 4 గ్రాముల ఉప్పు, 25 గ్రాముల గ్లూకోజు. అంతే, రెండే ద్రావితాలు.

దీన్ని ఒకసారి కాగితం మీద పెట్టి చూడండి. 4 గ్రాముల ఉప్పుని 58.44తో భాగిస్తే 68 మిల్లీమోల్స్. గ్లూకోజు 25ని 180తో భాగిస్తే 139. ఉప్పు నీళ్ళలో సోడియం, క్లోరైడులుగా రెండుగా విడిపోతుంది కాబట్టి దాన్ని రెట్టింపు చేసి గ్లూకోజుతో కూడితే సుమారు 276. రక్తం కంటే కొంచెం తక్కువ! సోడియం చూస్తే ఈనాటి 75కి పక్కనే ఉంది. మొదటిసారి ఈ లెక్క చేసినప్పుడు తప్పు చేశానేమోనని మళ్ళీ చేశాను. 1953లో ఒక మనిషి ఈనాటి ఫార్ములాకి ఇంత దగ్గరగా వచ్చాడు. తర్వాత పదిహేనేళ్ళపాటు దాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోలేదు.

ఎందుకు? కలకత్తావాడు కాబట్టి అని ఒక్క మాటలో తేల్చెయ్యడం తేలికే, అందులో కొంత నిజమూ ఉండొచ్చు. కానీ వ్యాసం వైపునుంచి కూడా చూడాలి. పోల్చి చూడ్డానికి మందు ఇవ్వని గుంపు లేదు. ఎంత తాగించాడు, ఎంత బయటికి పోయింది అన్న కొలతలు లేవు. రోగులు మరీ ప్రాణం మీదికి వచ్చినవాళ్ళు కారు. ఇంకా ముఖ్యం, గ్లూకోజు ఆ నీళ్ళలో ఏం పని చేస్తోందో ఎవరికీ తెలియదు. గ్లూకోజంటే బలం అనే అప్పటి అవగాహన. ఇప్పటికీ మన ఊళ్ళలో అదే కదా.

తెలియకపోవడం వల్ల జరిగిన నష్టానికి ఉదాహరణ అమెరికాలోనే దొరుకుతుంది. 1950లలో అక్కడ పిల్లల విరేచనాలకి ఇలాంటిదే ఒక పొడి అమ్మకానికి వచ్చింది. అందులో పిండిపదార్థం మరీ ఎక్కువ. పైగా తల్లులు నీళ్ళు తక్కువ పోసి చిక్కగా కలిపేవారు. పిల్లల రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరిగిన కేసులు ఆసుపత్రులకి రావడం మొదలైంది. దాంతో అక్కడి డాక్టర్లకి నోటి ద్రావణమంటేనే భయం పట్టుకుంది, సెలైనే సురక్షితం అనే నమ్మకం స్థిరపడిపోయింది. నేను ఆ రాత్రి చేయబోయిన తప్పు డెబ్భై ఏళ్ళ పాతదన్నమాట. లవం కంపెనీవాడి చేతిలో, హారం ఇంట్లోవాళ్ళ చేతిలో.

తప్పిపోయిన పేజీ 1960 ఆగస్టులో దొరికింది, ప్రాగ్ నగరంలో, కలరాతో ఏ సంబంధమూ లేని ఒక సదస్సులో. రాబర్ట్ క్రేన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త, చిన్నపేగు గోడలో గ్లూకోజు లోపలికి వెళ్ళాలంటే సోడియం తోడు ఉండాలని ప్రతిపాదించాడు. ఒకే తలుపు, ఇద్దరూ జంటగా వస్తేనే తెరుచుకుంటుంది. ఒక్క గ్లూకోజు అణువుకి రెండు సోడియం అయాన్లు అని తర్వాత తేలింది. వాటి వెనకాల నీళ్ళు వెళ్తాయి. కలరా విషం పేగులోంచి నీటిని బయటికి పంపే దారిని బార్లా తెరుస్తుంది గానీ ఈ జంట తలుపుని పాడుచెయ్యదు. ఉప్పునీళ్ళు ఒక్కటే పట్టిస్తే ఉపయోగం లేనిది, గ్లూకోజు కలిపితే ఎందుకు పనిచేస్తోందో ఇప్పుడు అర్థమవుతుంది. మరి గ్లూకోజు మంచిదే కదా అని ఇంకా పోస్తే? తలుపు పట్టనంత గ్లూకోజు పేగులోనే మిగిలిపోయి, తనవైపుకి నీళ్ళు లాగుతుంది. విరేచనాలు పెరుగుతాయి. కాగితం మీద రెండు గాఢతలూ ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు భాగహారాలే. పేగు మాత్రం వాటిని కలిపే చదువుతుంది.

క్రేన్ మాట ప్రాగ్ నుంచి ఢాకా వార్డుకి చేరడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. మధ్యలో అమెరికా నౌకాదళ వైద్యుడు రాబర్ట్ ఫిలిప్స్ 1962లో మనీలాలో గ్లూకోజు ద్రావణంతో ప్రయత్నించాడు. ఎంత గాఢత, ఎంత మోతాదు అన్నది తేలకముందే పెద్ద గుంపు మీద వాడటంతో కొందరు రోగులు చనిపోయారు. ఆ దెబ్బకి ఆయన చాలాకాలం ఈ పద్ధతికి జంకుతూనే ఉన్నాడు. చివరికి 1968లో ఢాకాలో డేవిడ్ నేలిన్, రిచర్డ్ కాష్ అనే ఇద్దరు కుర్ర డాక్టర్లు, బెంగాలీ సహచరులతో కలిసి 29 మంది కలరా రోగుల మీద చటర్జీ చెయ్యని పని చేశారు. బయటికి పోయిన ప్రతి లీటరూ కొలిచి, అంతే మళ్ళీ తాగించారు. సెలైను అవసరం దాదాపు 80 శాతం తగ్గింది. కలకత్తాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధన కేంద్రంవాళ్ళూ అప్పట్లోనే ఇలాంటి ఫలితాలకే వచ్చారు.

ఆ కలకత్తా కేంద్రంలో పనిచేసిన పిల్లల డాక్టరు దిలీప్ మహలనబీస్. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో యుద్ధం. లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి వస్తున్నారు. బన్‌గావ్ ఆసుపత్రిలో కలరాకి ఉన్నవి రెండు గదులు, 16 మంచాలు. నేలంతా మనుషులు. కాలు పెట్టాలంటే వాంతుల్లో, విరేచనాల్లో పెట్టాలి. సెలైను సీసాలు అయిపోతున్నాయి, ఉన్నవాటిని ఎక్కించేవాళ్ళు లేరు. అప్పుడు మహలనబీస్ చేసిన పని చూస్తే, ఇంజనీరుగా నాకు లోపల ఏదో కదులుతుంది.

కలకత్తాలో ఒక గదిలో టెక్నీషియన్లని కూర్చోబెట్టి పొడి తూయించాడు. లీటరుకి గ్లూకోజు 22 గ్రాములు, ఉప్పు 3.5, వంటసోడా 2.5. పొటాషియం వదిలేశాడు, అది తేలిగ్గా దొరకదు, పద్ధతి సులువుగా ఉండాలి, ఖర్చు తగ్గాలి. పాలిథీన్ సంచుల్లో పోసి ఇస్త్రీపెట్టెతో అంచులు అతికించారు. లీటరుకి అయిన ఖర్చు 11 పైసలు. సంచులు రెండు సైజులు: 4 లీటర్లకి ఒకటి, 16 లీటర్లకి ఒకటి.

ఈ 16 లీటర్ల సంచి దగ్గర ఆగుదాం. లీటరుకి 3.5 గ్రాములంటే పదహారింటికి 56 గ్రాముల ఉప్పు. తూకంలో ఒక గ్రాము అటూ ఇటూ అయినా తేడా 2 శాతం లోపే. నీళ్ళు చెంబెడు ఎక్కువ పడినా డ్రమ్ములో పెద్దగా తెలియదు. అదే ఉప్పుని గ్లాసులో కొలవాలంటే? 200 మిల్లీలీటర్లకి మహలనబీస్ లెక్కన 0.7 గ్రాములు, ఇప్పటి లెక్కన అర గ్రాము. అక్కడ పావు గ్రాము పొరపాటు పడితే లెక్క ఎటుపోయిందో చెప్పక్కర్లేదు. పరిమాణం పెద్దదయ్యేకొద్దీ చేతి తప్పు చిన్నదవుతుంది. డ్రమ్ముకి అడుగున కుళాయి పెట్టి, రోగి పక్కనున్న అమ్మకో అన్నకో ఒక కప్పు ఇచ్చి, పట్టుకెళ్ళి తాగించండి అన్నారు. తూకమూ కలపడమూ ఒకచోట, తాగించడం అందరి చేతుల్లో. మరీ నీరసించినవాళ్ళకి మొదట సెలైను ఎక్కించి తర్వాత దీనికి మార్చేవారు. దానికి పెట్టిన పేరు 'ఓరల్ సెలైన్'. సెలైనంటే జనానికి నమ్మకం కాబట్టి అట.

లెక్క కూడా చూద్దాం. ఉప్పు 3.5ని 58.44తో భాగిస్తే దాదాపు 60. వంటసోడా 2.5ని 84తో భాగిస్తే దాదాపు 30. సోడియం రెండింటిలోనూ ఉంది, కాబట్టి కూడాలి: 90. ఇక్కడే పిల్లలు తప్పు చేస్తారు. ఉప్పుని మాత్రం లెక్కేసి 60 దగ్గర ఆగిపోతారు. గ్లూకోజు మార్కెట్లో దొరికే రకంలో అణువుకో నీటి అణువు అతుక్కుని ఉంటుంది, దాని భారం 180 కాదు, 198. 22ని 198తో భాగిస్తే 111. నీరు లేని గ్లూకోజైతే 20 గ్రాములు వేసినా సరిగ్గా అదే 111. కొన్ని పుస్తకాల్లో 20 అనీ, కొన్నిట్లో 22 అనీ ఎందుకుంటుందో ఇదొకటి తెలిస్తే సరి. మొత్తం కణాలు కూడితే 290. రక్తంతో సరిసమానం.

లీటరు నీళ్ళలో పొడి కలపాలా, పొడి వేసి లీటరు గీతదాకా నీళ్ళు పోయాలా అని ల్యాబ్‌లో మమ్మల్ని నిలబెట్టి మరీ అడిగేవారు. రెండోదే కరెక్టు. ఈ ద్రావణం విషయంలో ఆ తేడా ఎంతని వేసి చూస్తే లీటరు మీద ఓ 15 మిల్లీలీటర్లు, ఒకటిన్నర శాతం. బన్‌గావ్‌లో దాని గురించి ఎవరూ ఆలోచించి ఉండరు, ఆలోచించనక్కర్లేదు కూడా. ఏ తప్పు పర్వాలేదు, ఏ తప్పు ప్రాణం తీస్తుంది అన్నది తెలియడమే అక్కడ లెక్క తెలియడం.

శిబిరాల్లో 30 శాతం దాకా పోయిన కలరా మరణాలు మహలనబీస్ బృందం చూసినవాళ్ళలో 3.6 శాతానికి పడిపోయాయి. ఆయన వ్యాసాన్ని వెంటనే ఎవరూ వేసుకోలేదు. అది 1973లో జాన్స్ హాప్కిన్స్ మెడికల్ జర్నల్లో వచ్చింది. ఈలోపు ప్రపంచ ఆరోగ్య సంస్థలో పనిచేసే ధీమాన్ బారువా బన్‌గావ్ వచ్చి కళ్ళారా చూసి వెళ్ళాడు. తర్వాత ఆ సంస్థ ఈ పద్ధతిని నెత్తిన పెట్టుకోవడంలో ఆయన పట్టుదల చాలా ఉంది. 1975లో పొటాషియం కూడా చేర్చిన ఫార్ములా అధికారికమైంది.

డ్రమ్ము ఉన్నచోట సరే. డ్రమ్మూ పాకెట్టూ రెండూ లేని పల్లెటూళ్ళలో? బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి పదేళ్ళపాటు ఇల్లిల్లూ తిరిగి కోటిమందికి పైగా తల్లులకి నేర్పింది. మూడు వేళ్ళతో పట్టిన ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్ళు. నన్ను ఆకట్టుకున్నది నేర్పడం కాదు, ఆ నేర్పుని తూచిన తీరు. ఆ కార్యకర్తలకి జీతం ఎన్ని ఇళ్ళు తిరిగారన్నదాన్ని బట్టి కాదు. కొన్నాళ్ళకి వేరేవాళ్ళు వెళ్ళి కొన్ని ఇళ్ళలో అడిగేవారు, తల్లికి ఎంత గుర్తుంటే నేర్పినామెకి అంత డబ్బు. తల్లులు కలిపిన ద్రావణాన్ని సీసాలో తెచ్చి ల్యాబ్‌లో పరీక్షించేవారు. అర సేరు ఎంతో తెలియడానికి ఇంట్లో ఉన్న గిన్నెమీదే గుర్తు పెట్టేవారు. హారాన్ని ఇంత సీరియస్‌గా తీసుకున్నవాళ్ళు నాకింకెక్కడా కనపడలేదు.

మూడు వేళ్ళు ఎందుకని నాకూ సందేహమొచ్చి, నగలు తూచే చిన్న త్రాసు ఒకటి ఆన్‌లైన్లో తెప్పించాను. మనం చిటికెడు అనేది రెండు వేళ్ళది. నాది గ్రాములో మూడోవంతు దగ్గర తేలింది. మూడు వేళ్ళతో పడితే గ్రాము పైనే. ఇంట్లో అందరిచేతా పట్టించాను. ఏ ఇద్దరిదీ కలవలేదు. నా భార్య, నా చిటికెడుకి రెట్టింపు పట్టి, "కూరలో సరిగ్గానే పడుతోందిగా" అంది.

ఇంట్లో చక్కెరతో చేసేవాళ్ళకి ఇంకో మెలిక ఉంది. లీటరు నీళ్ళకి అర టీస్పూను ఉప్పు, ఆరు టీస్పూన్ల చక్కెర అని చెబుతారు, స్పూను తలకొట్టి. పాకెట్లో గ్లూకోజు 13.5 గ్రాములే కదా, ఇక్కడ పాతిక గ్రాముల చక్కెర ఎందుకు? చక్కెర గ్లూకోజు కాదు. దాని అణుభారం 342. పేగులో అది సగం గ్లూకోజుగా, సగం ఫ్రక్టోజుగా విడిపోతుంది. సోడియంతో జంటకట్టేది ఆ గ్లూకోజు సగమే. 25ని 342తో భాగిస్తే 73. పాకెట్లోని 75కి పక్కనే! ఆరు స్పూన్లని మొదట ఎవరు ఎలా నిర్ణయించారో గానీ లెక్క మటుకు కుదిరింది. ఈ రెండు అంకెలూ తారుమారు చేసి ఆరు స్పూన్ల ఉప్పు వేసేవాళ్ళూ ఉంటారు. అప్పుడు సోడియం 600 దాటిపోతుంది. అందుకే ఇంటి ద్రావణం కంటే పాకెట్టే మేలని డాక్టర్లు పట్టుబడతారు.

1975 ఫార్ములాలో సోడియం 90, కణాలు మొత్తం 331. వంటసోడా తేమకి గ్లూకోజుతో కలిసి గోధుమరంగు ముద్దైపోతుంటే 1984లో దాని స్థానంలో సిట్రేటు వచ్చి అది 311 అయింది. కలరా రోగికి సరే, ఆ విరేచనాల్లో సోడియం చాలా పోతుంది. మామూలు విరేచనాల పిల్లలకి మాత్రం ఇది రక్తం కంటే చిక్కన. ఏళ్ళ తరబడి వాదనలు, పరీక్షలు జరిగాక 2002లో 75–75కి, 245కి దించారు. సెలైను ఎక్కించాల్సిన అవసరం మూడోవంతు తగ్గింది. కలకత్తా డాక్టరు 276 అన్నప్పటినుంచి యాభై ఏళ్ళు, 331 దాకా ఎక్కి మళ్ళీ కిందకి.

1980 ప్రాంతంలో ఏడాదికి సుమారు 46 లక్షలమంది పసిపిల్లలు విరేచనాలతో పోయేవారు. ఇప్పుడు దాదాపు నాలుగున్నర లక్షలు. అందులో మంచినీళ్ళ వాటా, టీకాల వాటా, చదువుకున్న తల్లుల వాటా ఉన్నాయి. పొడి వాటా చిన్నదైతే కాదు. మహలనబీస్ 2022 అక్టోబరులో చనిపోయారు. పద్మవిభూషణ్ 2023లో వచ్చింది.

ఈ లెక్క మన ఊళ్ళో ఈమధ్యే మళ్ళీ వార్తల్లోకొచ్చింది. తియ్యటి పానీయాలకి ఓ.ఆర్.ఎస్. అన్న అక్షరాలు తగిలించి మందుల షాపుల్లో అమ్ముతున్నారని హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, ఆ పేరు పానీయాల మీద ఉండకూడదని ఆదేశించింది. కొందరు దీన్ని పేరు గొడవగా చూశారు. లెక్కేస్తే తెలుస్తుంది. మామూలు జ్యూసుల్లో, కూల్‌డ్రింకుల్లో లీటరుకి ఓ 100 గ్రాముల చక్కెర ఉంటుంది. 342తో భాగిస్తే 292. ఒక్క గింజ ఉప్పు వెయ్యకముందే రక్తంతో సమానం, పేగులో విడిపోయాక దానికి రెట్టింపు. విరేచనాల పిల్లకి దాన్ని ఏ పేరుతో పట్టించినా పేగు చేసే పని ఒకటే.

మా వంటింట్లో ఇప్పుడు ఒక గాజు సీసా ఉంది, లీటరు దగ్గర మార్కరు గీతతో. గీత గీసింది నేనే. అది చెరిగిపోయినప్పుడల్లా మళ్ళీ గీసేది అమ్మ. మొన్న ఊరినుంచి మేనత్త వచ్చి, ఎండదెబ్బకి కాస్త నీరసంగా ఉందిరా, ఓ పాకెట్టు కలిపివ్వు అంటే, సీసా తీసి గీతదాకా నీళ్ళు పోశాను. "అన్నెందుకురా, నాకు గ్లాసుడు చాలు" అంది. అప్పుడు గ్లాసు కొలిచాను. 270 మిల్లీలీటర్లు పట్టింది.